డిష్ బిగించిన రోజే క్వాలిటీ అంకె రాసి ఇవ్వాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ముసురు పట్టిందంటే టీవీ తెర మీద ‘సిగ్నల్ లేదు’ అని రావడం, ఇంట్లోవాళ్లు కంపెనీని తిట్టుకోవడం, కంపెనీవాళ్లు వాన మీదికి నెట్టెయ్యడం ఏటా ఉన్న తంతే. రెండు వైపులా సగం నిజం ఉంది. జడివానకు ఐదు పది నిమిషాలు బొమ్మ పోతే అది వాన పనే. మన డిష్‌లకు వచ్చే కేయూ బ్యాండ్ తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. లావు చినుకులు వాటిని మింగేస్తాయి, చెదరగొడతాయి. కేబుల్ ఆపరేటర్ల పెద్ద గొడుగులు వాడే సీ బ్యాండ్ తరంగం అంతకు మూడింతలు పొడుగు, అందుకే వాళ్లకు వాన బెడద తక్కువ. అయితే సన్న తుంపరకే టీవీ పోతుంటే మాత్రం తప్పు వానది కాదు, డిష్ కుదర్చడంలోనే ఉంది.

ఆ లోపం ఎండ కాసే రోజుల్లో ఎందుకు బయటపడదు? పాత యాంటెన్నాకు సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, మనకు తెలిసిపోయేది. డిజిటల్ ప్రసారానికి అలాంటి హెచ్చరిక లేదు. సిగ్నల్ ఒక హద్దుకు పైన ఉన్నంతసేపూ బొమ్మ కడిగినట్టుంటుంది. హద్దు కిందికి జారగానే గడులు గడులుగా విరిగి ఆగిపోతుంది. హద్దుకు కాస్త పైన ఊగిసలాడే డిష్‌కూ, బాగా కుదిరిన డిష్‌కూ మంచి ఎండలో తెర మీద తేడా ఏమీ కనబడదు. బిగించినవాళ్లు బొమ్మ చూపించి, సంతకం తీసుకుని వెళ్లిపోతారు. అసలు సంగతి తొలకరికి తెలుస్తుంది.

కాబట్టి చూడాల్సింది బొమ్మను కాదు, మెనూలో సెట్టింగ్స్ కింద ఉండే సిగ్నల్ పేజీని. అక్కడ స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు పట్టీలు ఉంటాయి. చాలామంది మొదటిదాన్ని చూసి సరిపెట్టుకుంటారు. స్ట్రెంగ్త్ అంటే ఎల్ఎన్‌బీకి (డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్‌ను అందుకునే చిన్న డబ్బాకి) కరెంటు అంది, వైరు గుండా ఏదో ఒకటి దిగుతోందని మాత్రమే అర్థం. డిష్ ఎదుటి మేడ గోడను చూస్తున్నా అది 60, 70 చూపించగలదు. ఉపగ్రహం దొరికిందా లేదా చెప్పేది క్వాలిటీ. ఒక్కో కంపెనీ బాక్సు కొలత ఒక్కో తీరు కనుక పక్కింటి అంకెతో పోల్చి లాభం లేదు. మబ్బులేని రోజున మన ఇంట్లో ఎంత ఉందో బాక్సు అడుగున మార్కర్‌తో రాసి పెట్టుకోవాలి. తర్వాత ఎప్పుడు గొడవ వచ్చినా ఆ అంకెతోనే మొదలుపెట్టాలి.

రెండూ సున్నా అయితే వైరు తెగిందో, కనెక్టర్ ఊడిందో, ఎల్ఎన్‌బీ పోయిందో చూడాలి. స్ట్రెంగ్త్ ఉండి క్వాలిటీ సున్నా అయితే డిష్ కదిలింది, లేదా ఏదో అడ్డొచ్చింది. సొంతంగా కొన్న ఫ్రీ బాక్సుల్లో అయితే ఎల్ఎన్‌బీ రకం తప్పుగా ఎంచినా ఇదే లక్షణం. మధ్యాహ్నం ఎండకు పోయి చల్లబడ్డాక వస్తుంటే ఎల్ఎన్‌బీ మీద అనుమానపడొచ్చు, వేడికి లోపలి ఆసిలేటర్ (సిగ్నల్ పౌనఃపున్యాన్ని మార్చడానికి వాడే భాగం) దారి తప్పుతుంది. ఇక కొన్ని చానళ్లు వచ్చి కొన్ని రాకపోవడం. దీనికి వెంటనే ప్యాకేజీని అనుమానిస్తారు గానీ తరచు దోషం వైరుదే. బాక్సు నిలువు ధ్రువణం (తరంగం నిలువుగా ఊగే) చానళ్లకు ఎల్ఎన్‌బీకి 13 వోల్టులు, అడ్డ ధ్రువణం (అడ్డంగా ఊగే) చానళ్లకు 18 వోల్టులు పంపుతుంది. వైరు నాసిరకమైతే, కనెక్టర్ చిలుము పడితే 18 కాస్తా దారిలో కరిగిపోతుంది. ఎల్ఎన్‌బీ 13 వోల్టుల దగ్గరే ఉండిపోతుంది, అడ్డ ధ్రువణం చానళ్లన్నీ ఒక్కసారే మాయమవుతాయి.

వైరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు మిగుల్చుకునేది ఇక్కడే. వాడాల్సింది 75 ఓమ్‌ల ఆర్‌జీ-6. మధ్య తీగ అసలు రాగిదై ఉంటే మేలు. రాగి పూత పూసిన ఇనుప తీగ సిగ్నల్‌ను మోస్తుంది గానీ కరెంటుకు ఎక్కువ అడ్డు పెడుతుంది. పాత కేబుల్ టీవీ సన్న వైరు మిగిలింది కదా అని అతకడం, రెండు ముక్కలను మెలిపెట్టి టేపు చుట్టడం బొత్తిగా పనికిరావు. అతుకు తప్పనిసరైతే రెండు వైపులా కనెక్టర్ పెట్టి మధ్యలో జాయింటర్ వాడాలి, దాన్నీ వాన తగలని చోట ఉంచాలి. కనెక్టర్ ఎక్కించేటప్పుడు చుట్టూ ఉండే అల్లిక తీగలో ఒక్క వెంట్రుక మధ్య తీగను తాకినా షార్టు. మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లే బయటికి ఉండాలి. వైరు ఊడదీసే ముందు, బిగించే ముందు బాక్సు స్విచ్ ఆపడం మరవకూడదు.

ఎల్ఎన్‌బీ దగ్గర వైరును కిందికి ఒక వంపు తిప్పి, ఆపైన పోనివ్వాలి. నీరు ఆ వంపు అడుగున బొట్లుగా రాలిపోతుంది. వంపు లేకపోతే ఆ నీరే వైరు లోపలికి పాకి అల్లికను నల్లగా చేస్తుంది. మామూలు నల్ల టేపు మన ఎండలకు రెండేళ్లు కూడా ఆగదు, రబ్బరు తొడుగు ఉండాలి. ఎల్ఎన్‌బీకి క్యారీ బ్యాగ్ చుట్టే అలవాటు మానుకోవాలి, అది నీటిని ఆపడానికి బదులు పట్టి ఉంచుతుంది. ముందు మూత పగిలిందేమో, కందిరీగలు మట్టిగూడు కట్టాయేమో చూడాలి. దోషం వైరుదా డిష్‌దా తేలకపోతే బాక్సును, ఒక చిన్న టీవీని మేడ మీదికి తీసుకెళ్లి రెండు మీటర్ల కొత్త వైరుతో నేరుగా కలిపి చూస్తే చాలు. అక్కడ క్వాలిటీ లేచిందంటే మధ్యలో ఉన్న వైరే మార్చాలి.

ఇప్పుడు దిక్కు. ఒక్కో సర్వీసుకు ఒక్కో ఉపగ్రహం. డీడీ ఫ్రీ డిష్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది జీశాట్-15 నుంచి వస్తుంది. టాటా ప్లే 83, డీ2హెచ్ 88, డిష్ టీవీ 95, ఎయిర్‌టెల్ 108.2. హైదరాబాదు నుంచి చూస్తే 93.5 ఉపగ్రహం ఉత్తరం నుంచి గడియారం ముల్లు తిరిగే వైపు 138 డిగ్రీల దిక్కున, నేలమట్టానికి 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. విశాఖలో అదే 149, 66. అదే విశాఖలో 83 డిగ్రీల ఉపగ్రహం దాదాపు సూటిగా దక్షిణాన, 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఫోను దిక్సూచిని ఇనుప గొట్టానికి ఒక మీటరు ఎడంగా పట్టుకుని చూడాలి. డిష్ ముఖం అంత పైకి చూస్తున్నట్టు కనబడదని కంగారు వద్దు. ఎల్ఎన్‌బీ కిందుగా ఉండే ఈ రకం డిష్ తాను చూసినట్టు కనిపించేదానికంటే 20–25 డిగ్రీలు పైకి చూస్తుంది.

మన ప్రాంతంలో ఉపగ్రహాలు నడినెత్తికి దగ్గరగా ఉండడం వల్ల పక్కలకు తిప్పడం కంటే పైకీ కిందికీ వంచడమే ఎక్కువ నాజూకైన పని. 60 సెంటీమీటర్ల డిష్ ఒకటిన్నర డిగ్రీ వంగితే అందే సిగ్నల్ సగానికి పడిపోతుంది. అంటే అంచు దగ్గర 8 మిల్లీమీటర్లు. పిట్టగోడ మీది కోతి ఒక్కసారి ఊగినా, ఆ గొట్టానికే బట్టల తాడు కట్టి తడి దుప్పట్లు ఆరేసినా అంత కదలిక వస్తుంది. నవ్వులాట కాదు, మేడ మీద డిష్ గొట్టం కనబడితే చాలు, దానికి తాడు కట్టని ఇల్లు అరుదు.

అన్నిటికంటే ముందు గొట్టం నిటారుగా ఉండాలి. దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీసి రెండు వైపుల నుంచి చూస్తే చాలు. గొట్టం ఒరిగి ఉంటే పక్కకు తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోయి ఎంతకీ దొరకదు. ఒంటి ఇటుక పిట్టగోడకు బిగించవద్దు, స్లాబు మీదో పిల్లర్ మీదో యాంకర్ బోల్టులతో బిగించాలి. పాత స్థానాన్ని మార్కర్‌తో గీసుకుని, నట్లు ఊడదీయకుండా కాస్త వదులు చేసి, అంచు దగ్గర 5 మిల్లీమీటర్ల చొప్పున, అంటే ఒక్కో డిగ్రీ, జరపాలి. బాక్సుకు అంకె మార్చడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది, తొందరపడితే దాటిపోతాం. కింద టీవీ ముందు ఒకరు ఫోనులో అంకె చదువుతుండాలి. క్వాలిటీ అటు తగ్గే చోటు, ఇటు తగ్గే చోటు చూసుకుని నడిమధ్యన ఆపాలి. ఆ తర్వాత ఎల్ఎన్‌బీని దాని పట్టీలో కొద్దికొద్దిగా తిప్పి చూడాలి. ఈ పని ఎగ్గొట్టే బిగింపులే ఎక్కువ. చివరగా నట్లు ఒక్కోటి కొంత కొంతగా, మార్చి మార్చి బిగించాలి. ఒకేదాన్ని పూర్తిగా బిగిస్తే డిష్ ఆ వైపు లాగేస్తుంది. బిగించాక క్వాలిటీ తగ్గితే మళ్లీ వదులు చేయడమే.

డిష్ టీవీకి పెట్టిన 95 డిగ్రీల డిష్‌ను ఫ్రీ డిష్‌కు మార్చుకునేవాళ్లకు హైదరాబాదులో అయితే మూడు డిగ్రీలు దక్షిణానికి, ఒక డిగ్రీ పైకి చాలు. రెండో టీవీకి కేబుల్ టీవీ స్ప్లిట్టర్ పనిచేయదు, రెండు నోళ్ల ఎల్ఎన్‌బీ, రెండో వైరు వేయాలి.

చెట్టు అడ్డొస్తోందేమో తేల్చుకోవడానికి ఏటా రెండుసార్లు ఉచితంగా సాయం దొరుకుతుంది. మార్చి రెండో వారంలో ఉదయం 11.15 ప్రాంతంలో, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో 11 గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా 93.5 ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ కొద్ది నిమిషాలూ సూర్యుడి రేడియో రొదకు టీవీ పోతుంది, మరమ్మతు అక్కర్లేదు. ఆ సమయంలో డిష్ మీద వేపకొమ్మ నీడ పడిందంటే ఉపగ్రహానికి ఆ కొమ్మే అడ్డు. శిశిరంలో ఆకు రాలి బాగా వచ్చిన టీవీ ఉగాది చిగుళ్లు ముదిరాక తగ్గడానికి కారణం ఇదే. మిగతా ఉపగ్రహాలకు ఆ వేళలు వేరు.

నా మనవి రెండు. బిగించిన రోజున జాబ్ కార్డు మీద క్వాలిటీ అంకె, గొట్టం నిటారుగా ఉన్నదీ లేనిదీ రాసి ఇచ్చే పద్ధతిని డీటీహెచ్ కంపెనీలు పెట్టాలి, వినియోగదారులూ అది లేనిదే సంతకం చేయకూడదు. సూర్యుడు అడ్డొచ్చే తేదీలు, వేళలు ఉపగ్రహాల వారీగా మీ పత్రిక మార్చి, సెప్టెంబరు నెలల్లో ప్రచురిస్తే ఆ వారాల్లో అనవసరంగా మెకానిక్‌ను పిలిచేవాళ్లు తగ్గుతారు.

ఇట్లు,
ఒక డిష్ మెకానిక్,
ఏలూరు