ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

అప్‌డేట్ అయ్యాక లాప్‌టాప్ ఆన్ కావడం లేదని రిపేరు షాపుకు తీసుకెళ్తే మన తిరుపతిలో తరచుగా వినిపించే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టాలి." అంటే డిస్కు చెరిపేసి, లాప్‌టాప్‌ను నడిపించే విండోస్‌ను మళ్లీ ఎక్కించడం. లోపల ఏముందో అడగరు. కావలసినవి ముందు కాపీ చేసి పెట్టాలా అని కూడా అడగరు. సాయంత్రానికి లాప్‌టాప్ చక్కగా పనిచేస్తూ చేతికొస్తుంది, కానీ అందులో మనవంటూ ఏవీ మిగలవు. ఈ పద్ధతి మారాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఇక్కడి ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ప్రాజెక్టులు ఇవ్వాల్సిన రోజుల్లో ఏటా ఎవరో ఒకరు ఏడుస్తూ స్టాఫ్ రూముకు వస్తారు. ఈసారి వచ్చిన అమ్మాయిది పీలేరు దగ్గర పల్లెటూరు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రాత్రి అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో దెబ్బతిన్న పాత లాప్‌టాప్ కావడంతో అప్పుడే ఆగిపోయింది. తెల్లారి ఆన్ చేస్తే కంపెనీ బొమ్మ దాకా వచ్చి మళ్లీ మొదటికే పోతోంది. షాపులో ఇచ్చింది. తిరిగి తెచ్చుకున్నాక చూస్తే ప్రాజెక్టు రిపోర్టు లేదు, ఊళ్లు తిరిగి రాసుకున్న సర్వే వివరాలు లేవు, ఇంట్లోవాళ్ల ఫోటోలు లేవు. "అన్నీ పోయినాయి మేడమ్" అంటూ నిలబడింది. డబ్బు తీసుకున్న షాపు బిల్లు కూడా ఇవ్వలేదు.

నిజానికి షాపు మెట్లు ఎక్కేదాకా ఆ పిల్ల ఫైళ్లకు ఏమీ అయివుండదు. అప్‌డేట్ మధ్యలో ఆగితే మామూలుగా పాడయ్యేవి విండోస్ సొంత ఫైళ్లు. మనం దాచుకున్నవి డిస్కులో అలాగే ఉంటాయి. వరుసగా రెండు మూడు సార్లు లేవలేకపోతే విండోస్ తనంతట తానే రికవరీ తెర చూపిస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్‌లోకి, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే స్టార్టప్ రిపేర్ ఉంటుంది. చివరిగా ఎక్కిన అప్‌డేట్‌ను తీసేసే దారి కూడా అక్కడే ఉంటుంది. వెర్షనే మారిపోయే పెద్ద అప్‌డేట్ అయితే మామూలుగా 10 రోజుల్లోపు పాతదానికి వెళ్లవచ్చు. ఇవేవీ పనిచేయకపోయినా, విండోస్‌కు బదులు వాడే లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్‌ను లేపి, ఫైళ్లను వేరే హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని, ఆ తర్వాత ఫార్మాట్ కొట్టవచ్చు. రిపేరు చేసేవాళ్లకు ఇది తెలియని విద్య కాదు. కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. ఆ శ్రమకు వేరే డబ్బు అడిగితే ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు.

షాపుల వాళ్ల అలవాటుకు ఒక కారణం ఉంది. వెనకటి డెస్క్‌టాప్‌లలో సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని విడదీసి ఇచ్చేవారు. సీ ఫార్మాట్ కొట్టి విండోస్ వేసినా డీలో పెట్టుకున్నవి ఉండేవి. ఇప్పటి లాప్‌టాప్‌లు చాలావాటిలో ఉండేది ఒక్క సీ డ్రైవే. డెస్క్‌టాప్ మీద పెట్టినా, డాక్యుమెంట్స్‌లో పెట్టినా అన్నీ దానిలోనే. పైగా ఇప్పుడు వస్తున్నవి ఎస్ఎస్‌డీలు, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచే డిస్కులు. పాత హార్డ్ డిస్కులో చెరిపేసినవాటిని కొంతైనా వెనక్కి తెచ్చే వీలుండేది. ఎస్ఎస్‌డీలో చెరిపేశాక ఆ చోటును డిస్కే ఖాళీ చేసేసుకుంటుంది. అక్కడినుంచి ఏదైనా తిరిగి వస్తుందన్న ఆశ దాదాపు ఉండదు.

డిస్కులోనివి వేరెవరూ చదవకుండా విండోస్ వేసే తాళం బిట్‌లాకర్, దాని గొడవ ఇంకొకటి. చాలా కొత్త లాప్‌టాప్‌లలో ఈ తాళం కొన్నవాళ్లకు తెలియకుండానే డిస్కుకు పడి ఉంటుంది. ఒక్కోసారి అప్‌డేట్ తర్వాత, ముఖ్యంగా బయోస్ (విండోస్ కన్నా ముందు లాప్‌టాప్‌ను లేపే ప్రోగ్రాం) మారినప్పుడు, నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన లాప్‌టాప్ అయితే ఆ కీ చాలావరకు ఆ ఖాతాలోనే ఉంటుంది, ఫోన్లో తెరిచి చూసుకోవచ్చు. కానీ ఆ ఖాతా ఏ మెయిల్‌తో తెరిచారో మా పిల్లల్లో చాలామందికి తెలియదు. అమ్మిన చోటే ఎవరో ఒకరు ఏదో మెయిల్ పెట్టి మొదలుపెట్టి ఇచ్చేసి ఉంటారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. కీ ఎక్కడా లేకపోతే ఆ డిస్కును ఎవరూ తెరవలేరు. అమ్మేటప్పుడే కొన్నవారి సొంత మెయిల్ పెట్టించి, కీని ప్రింటు తీసి బిల్లుతో పాటు చేతికివ్వాలి.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ అప్‌డేట్ వికటించి ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అంత పెద్ద దెబ్బకు కూడా చెప్పిన మందు ఫార్మాట్ కాదు. విండోస్ తప్పనిసరి భాగాలతో మాత్రమే లేచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి పాడైన ఒక్క ఫైలును తీసేయమన్నారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది కనుక కొత్త వెర్షన్‌కు మారేవాళ్లు, మారుతూ ఇబ్బంది పడేవాళ్లు ఇంకా ఉంటారు.

చట్టం కూడా వినియోగదారుడి పక్షానే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చేసిన సేవకు బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. మనం ఉన్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసినా సలహా ఇస్తారు. అయితే పోయిన ప్రాజెక్టును ఏ కమిషనూ తెచ్చివ్వలేదు. అందుకే ముందే ఆపాలంటున్నాను.

లాప్‌టాప్ తీసుకునేటప్పుడు ప్రతి షాపు ఒక చీటీ రాయాలి. ఫైళ్లు ఉంచాలా, చెరిపేయవచ్చా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి, దాని కింద యజమాని సంతకం ఉండాలి. సంతకం లేకుండా ఫార్మాట్ కొట్టకూడదు. వినియోగదారుల వ్యవహారాల అధికారులు షాపుల వాళ్లను ఒకసారి కూర్చోబెట్టి ఈ ఒక్క నియమం ఒప్పిస్తే చాలు. అలాగే ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, ఏర్పేడు ఐఐటీ ఉన్న ప్రాంతం మనది. కంప్యూటర్ విద్యార్థులకు ఇక్కడ కొదవ లేదు. ప్రాజెక్టుల కాలంలో ఆ విద్యార్థులతో అధ్యాపకుల పర్యవేక్షణలో ఒక సహాయ కేంద్రం నడిపితే, ఆన్ కాని లాప్‌టాప్‌లోంచి ఫైళ్లు తీసిపెట్టడం వాళ్లకూ మంచి ప్రాక్టికల్ అవుతుంది. మా కళాశాలలో అలాంటిది మొదలుపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మిగతా కళాశాలల అధ్యాపకులు కూడా ముందుకు రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక కంప్యూటర్ అధ్యాపకురాలు,
తిరుపతి