నిద్ర పట్టని శీనుకి

స్టట్‌గార్ట్

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ వచ్చేసరికి మీ దగ్గర తెల్లవారుజామున మూడు. చూడగానే గుండె గుబేలుమంది. రెండు నెలలుగా నిద్ర లేదని, షాపులో లెక్కలు తప్పుతున్నాయని, మెడికల్ షాపులో అడిగి మాత్ర తెచ్చుకుంటున్నావని రాశావు. డాక్టరు చీటీ లేకుండా ఆ మాత్ర వద్దురా. అలాగని ఒక్కసారే మానెయ్యకు, డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించుకో.

నాకూ పోయినేడు ఇదే బాధ. అమ్మకి తెలిస్తే బెంగపడుతుందని నీకూ చెప్పలేదు. ఇక్కడి డాక్టరమ్మ మాత్ర రాయలేదు, సోమ్నియో అనే యాప్ రాసింది. నిజంగానే, మందు రాసినట్టే చీటీ మీద! ప్రభుత్వ సంస్థ పరిశీలించి జాబితాలో పెట్టిన యాప్‌ని డాక్టరు రాస్తే హెల్త్ ఇన్సూరెన్సే డబ్బు కట్టాలని 2019 చివర్లో జర్మనీ చట్టం చేసింది. చీటీ పంపితే ఇన్సూరెన్స్ వాళ్లు ఒక కోడ్ ఇచ్చారు. 90 రోజులు వాడాను, నా జేబులోంచి ఒక్క సెంటు పోలేదు.

అందులో జోలపాటలేం ఉండవు. ఎప్పుడు పడుకున్నానో, ఎంతసేపు నిద్రపోయానో రోజూ పొద్దున్నే రాయాలి. ఎనిమిదిన్నర గంటలు మంచం మీదుండి ఐదున్నర గంటలే నిద్రపోతున్నానని తేలింది. దాంతో పడుకునే సమయాన్నే కోసేసింది. పన్నెండున్నర దాటేదాకా పక్క ఎక్కకూడదు, ఆరింటికల్లా లేవాలి. నిద్ర రాకపోతే దొర్లకుండా లేచి వేరే గదిలో కూర్చోవాలి. మొదటి పది రోజులు నరకం చూశాను. కారు తాళాలు మా ఆవిడకి ఇచ్చేశాను. మూడో వారంలో ఒక రాత్రి పడుకోగానే కన్ను మూతపడింది, పొద్దున లేచి ఏడ్చానురా. పక్కమీదున్న సమయంలో 85 శాతం నిద్రలోనే గడిచాక కొద్దికొద్దిగా గడువు పెంచుతూ వచ్చింది. ఎప్పట్నుంచో నిద్ర పట్టనివాళ్లకి ముందు ఇలా అలవాట్లూ ఆలోచనలూ మార్చే చికిత్సే వాడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం కూడా 2016లోనే చెప్పింది.

ఇన్సూరెన్స్ వాళ్లకి దీంతో ఏం లాభం అంటావేమో. నిద్రలేనివాడు డాక్టరు చుట్టూ తిరుగుతాడు, మాత్రలు మింగుతాడు, కొందరికి డిప్రెషన్ వస్తుంది. ఇక్కడ ఆరు వారాలకి మించి జబ్బు సెలవు పెడితే జీతం బదులు డబ్బు ఇన్సూరెన్సే ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో స్లీపియో అనే నిద్ర యాప్‌కి 2022లో మనిషికి 45 పౌండ్లు పడేది. డాక్టరు విజిట్లు, మాత్రలు తగ్గి ఆ డబ్బు తిరిగొస్తుందని అక్కడి వైద్య ప్రమాణాల సంస్థ అదే ఏడాది లెక్క తేల్చింది.

ఇక్కడి ఇన్సూరెన్స్ వాళ్ల ఫిర్యాదూ ఒకటుంది. మొదటి ఏడాది ధర కంపెనీయే పెడుతుంది, మనిషి వారానికే వదిలేసినా డబ్బు పోయినట్టే. అందులో న్యాయం ఉందనే అంటాను. అలాగని కట్టడమే మానేస్తే? అమెరికాలో పియర్ అనే కంపెనీ నిద్ర యాప్‌కి 2020లో ప్రభుత్వ అనుమతి దొరికింది. ఇన్సూరెన్సులు సరిగ్గా కట్టక 2023లో ఆ కంపెనీ దివాలా తీసింది.

మన దగ్గర పాలసీలు చాలావరకు ఆస్పత్రిలో చేరితేనే పలుకుతాయి. ఒళ్లు పాడవకముందే నాలుగు డబ్బులు పెట్టొచ్చు కదా అని నాకు కోపమొస్తుంది.

నువ్వు మాత్రం ఎవరికోసమూ ఆగకు. ఈ రాత్రే ఒక నోటుబుక్ తీసి రాయడం మొదలుపెట్టు. గురక పెడతావని చెల్లెమ్మ అంటుంది కదా, ముందు దానికి పరీక్ష చేయించుకో. డాక్టర్ని అడక్కుండా నిద్ర గంటలు తగ్గించకు. వారం పేజీలు ఫొటో తీసి పంపు. ఆదివారం పగలే ఫోన్ చేస్తాను.

నీ
రాజు