తప్పును పాత్ర చేత వెక్కిరింపజేసి వదిలేయకండి: మీ కోనసీమ ధారావాహికపై ఫిర్యాదు

అమలాపురం

ఆడియో కథల సంస్థ, రచనా విభాగం బాధ్యులకు

విషయం: కోనసీమ నేపథ్యంతో వస్తున్న మీ ధారావాహికలో పాత్రలు తమ కథనే వెక్కిరించడం, ఆ వెక్కిరింత చాటున తప్పులు అలాగే ఉండిపోవడం గురించి.

ఆర్యా,

మేము మీ యాప్‌కి చందా కట్టి వింటున్న శ్రోతలం. నాటకాలకి సంభాషణలు రాయడం, ఇతరులు రాసినవి దిద్దడం మాకు తెలిసిన పని. ఇప్పటిదాకా వచ్చిన 28 భాగాలూ విని, ఏ మాట ఎన్నో నిమిషంలో ఉందో రాసుకున్నాకే ఈ ఉత్తరం రాస్తున్నాం.

మా ఫిర్యాదు ఒక్కటే. కథలో తప్పు దొర్లిన ప్రతిచోటా పడవ అబ్బులు అనే పాత్ర చేత "రాసినోడికి ఏం తెలీదెహె" అన్నట్టు ఒక మాట అనిపిస్తున్నారు. ఆ తప్పు మాత్రం దిద్దకుండా ముందుకు పోతున్నారు. ఇదివరకు మీ సహాయ విభాగానికి రాస్తే, "ఆ సంగతి పాత్రే చెప్పేసింది కదండీ, సరదాగా తీసుకోండి, మన జానపద కళల్లోనూ ఇది ఉన్నదే" అని జవాబొచ్చింది. ఆ జవాబు సరికాదని చెప్పడానికే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

ముందు 11వ భాగం చూడండి. సంక్రాంతికి కొత్తల్లుడు వస్తాడు, అత్తగారు పులస పులుసు పెడుతుంది. పులస దొరికేది వరదల రోజుల్లో. సముద్రంలో ఇలసగా ఉన్న చేప, గోదారికి ఎర్రనీరు తగిలాక గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వచ్చి పులస అవుతుంది. అది జూలై నుంచి సెప్టెంబరు దాకా జరిగే సంగతి. జనవరిలో ఎర్రనీరూ ఉండదు, పులసా ఉండదు. రాసినవారికి ఇది తెలియదనుకోవడానికి లేదు. అబ్బులు చేత "సంక్రాంతికి పులసేంట్రా బాబూ, రాసినోడు గోదారిని బొమ్మలో చూసుంటాడు" అనిపించారు కదా. అంటే తెలిసే వదిలేశారు. ఆ మాటన్న అబ్బులే మరుక్షణం అదే పులుసుతో మారన్నం పెట్టించుకుంటాడు. ఇంతకీ ఆ కంచంలో ఉన్న చేప ఉన్నట్టా, లేనట్టా? ఆ చేప కొనడానికి అత్తగారు గాజులు తాకట్టు పెట్టిందని 12వ భాగంలో తెలుస్తుంది. చేపే ఉత్తిదని ముందే చెప్పేశాక ఆ గాజుల కోసం ఎవరి మనసూ చివుక్కుమనదు.

దిద్దడం పెద్ద పనేమీ కాదు. అల్లుడి రాకను శ్రావణానికి జరిపితే సరిపోతుంది. సంక్రాంతే కావాలనుకుంటే ఇంకా మంచి దారి ఉంది. అల్లుడిది మెట్ట ప్రాంతం, పులస పేరు వినడమే తప్ప కాలం తెలియదు, పండక్కి అదే కావాలంటాడు. మామగారు లేదనలేక బజారున పడతాడు. సముద్రపు ఇలసను పులసని చెప్పి అంటగట్టేవాడు ఒకడు తగులుతాడు. చేప కోస్తుండగానే అత్తగారికి సంగతి తెలిసిపోతుంది. అయినా అల్లుడి ముందు నోరు విప్పదు. మట్టి దాకలో చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, ఆవకాయ మీది నూనె తేట కలిపి, ఎంత చేయాలో అంతా చేస్తుంది. ఇప్పుడు తాకట్టు పెట్టిన గాజులకి బరువొస్తుంది. అబ్బులు వెక్కిరించడానికి రచయిత బదులు అల్లుడు దొరుకుతాడు. మహా అయితే రెండు పేజీల మార్పు.

27వ భాగంలోది ఇంతకన్నా పెద్ద తప్పు. వరద వార్తలో "ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరింది, మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారు" అని చదివించారు. 43 అడుగులు భద్రాచలంలో మొదటి హెచ్చరిక. అక్కడ రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటిది 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఏటి మధ్య లంకల్లో ఉండేవాళ్ళు గొడ్లని ఇప్పుడే ఏటిగట్టు మీదికి తోలాలా, ఇంకో పూట ఆగవచ్చా అన్నది ఈ అంకెల్ని చూసే తేల్చుకుంటారు. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే బియ్యం అటకెక్కించాలి, పడవ దొరకాలి, ముసలివాళ్ళని ఒప్పించాలి. ఆ రెండు ఊళ్ళ అంకెల్నీ ఒకదాని తర్వాత ఒకటి వినిపించి ఉంటే చాలు, వినేవాళ్ళు ఊపిరి బిగబట్టేవారు. మీరు ఆ ఊళ్ళని కలిపేసి, అబ్బులు చేత "నలభై మూడా! రాసినాయనకి అడుగులకీ అంగుళాలకీ తేడా తెలీదు" అనిపించి, వెనక టుయ్యిమని చప్పుడు పెట్టారు. ఆ సమయానికి ముసలమ్మ సూరమ్మ అటక మీద ఉంది, కింద నీళ్ళు పెరుగుతున్నాయి. 'ఇది ఎవరో రాసిన కథ' అని అక్కడ గుర్తుచేస్తే సూరమ్మకి ఇక ఏ ప్రమాదమూ లేనట్టే. పోయిన భయం ఆ భాగం ముగిసేదాకా మళ్ళీ రాలేదు.

అదే భాగం చివర అబ్బులు, "వచ్చే వారం మా ఆవుని ముంచేత్తాడు చూడండి" అంటాడు. 28లో నిజంగానే ఆవు లంకలో కట్టేసి ఉండగా మునిగి చనిపోతుంది. పలుపు చేత పట్టుకుని "తాడన్నా తెగలేదే అమ్మా" అని అబ్బులు ఏడుస్తాడు. మీ 28 భాగాల్లోనూ ఇంత మంచి మాట ఇంకొకటి లేదు. ఆ గొంతు ఇచ్చిన నటుడు ఆ మాటని చాలా నెమ్మదిగా, దాదాపు లోపలికే అనుకుంటున్నట్టు పలికారు. కానీ వారం ముందే తెలిసినవాడు వెళ్ళి ఆ పలుపు విప్పలేదేం? తాను కథలో ఉన్నానని పాత్రకి తెలిస్తే, తెలిసినవాడిలాగే అన్నిచోట్లా నడుచుకోవాలి. తెలియకపోతే ఎక్కడా తెలియకూడదు. నవ్వు కావాల్సినప్పుడు తెలిసి, ఏడుపు కావాల్సినప్పుడు మరిచిపోతే, నటుడు పడ్డ కష్టమంతా గోదాట్లో పోసినట్టే.

ఇక జానపద కళల సంగతి. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క రామాయణం మధ్యలో వచ్చి ఎవరినైనా ఆటపట్టిస్తారు, నిజమే. అయితే వాళ్ళు రామాయణంలో పాత్రలు కారు. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య వచ్చి, వాడుక మాటల్లో నవ్వించి, కథ మొదలయ్యేసరికి తెర మీంచి తప్పుకుంటారు. సీతమ్మ చేత "ఈ కథ బాగాలేదు" అని ఏ బొమ్మలాటగాడూ అనిపించడు. బుర్రకథలో హాస్యం చెప్పే వంత, వినేవాళ్ళకి వచ్చే అనుమానాన్ని తానే అడుగుతాడు. కథకుడు దానికి జవాబు చెప్పాకే ముందుకు సాగుతాడు. సంస్కృత నాటకాల్లో సూత్రధారుడు కవి గురించి మాట్లాడేది ప్రస్తావనలో, అసలు నాటకం మొదలు కాకముందు. మీ అబ్బులు కథ నడిమధ్యన ఉంటాడు, అడుగుతాడు, జవాబు మాత్రం రాదు.

పాత్రలే రచనలో తప్పు పట్టడానికి పాత ఉదాహరణ స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ రాసిన డాన్ క్విక్సోట్ నవల. మొదటి భాగం 1605లో అచ్చయినప్పుడు, కథానాయకుడి సేవకుడు సాంకో గాడిద దొంగతనం ఎలా జరిగిందో లేదు, గాడిద మాత్రం మాయమై మళ్ళీ కనిపిస్తుంది. 1615 నాటి రెండో భాగంలో పాత్రలు ఆ అచ్చయిన పుస్తకం గురించే మాట్లాడుకుంటాయి, ఈ లొసుగు బయటికొస్తుంది. అప్పుడు సాంకో, నిద్రలో ఉండగా తన కింది గాడిదను దొంగ ఎలా తప్పించాడో పూసగుచ్చినట్టు చెబుతాడు. గాడిద తిరిగి దొరకకముందే దాని మీద ఎక్కినట్టు ఎందుకుందని అడిగితే, రాసినవాడు పొరపడ్డాడో, అచ్చువేసినవాడు అజాగ్రత్త పడ్డాడో అంటాడు. లోటు పూడ్చాకే చురక వేశాడన్నది గమనించండి.

గోదావరి వాళ్ళకి వెటకారం సహజమని కూడా మీ జవాబులో ఉంది. ఇక్కడి వెటకారానికి ఎదుట ఒక మనిషి ఉండాలి. ఆయన్ని గారు అని పిలిచి, అండి తగిలించి, మొహంలో నవ్వు కనబడనీయకుండా అనాలి. "తమరు చెప్పాక తిరుగుంటుందాండీ" అన్నది అలాంటి మాట. కనబడని రచయితని "రాసినోడు" అనడం తిట్టు అవుతుంది గానీ వెటకారం కాదు. పైగా అత్తగారు, పూజారి, ఎస్సై అందరూ అబ్బులు గొంతుతోనే వెక్కిరిస్తున్నారు. 80 ఏళ్ళ సూరమ్మ నోట "స్క్రిప్టు" అనే మాట రావడంతో అక్కడ మాట్లాడుతున్నది సూరమ్మ కాదని తేలిపోయింది. "ఆయ్" సంగతీ అంతే. అది పెద్దల మాటకి మర్యాదగా పలికే జవాబు. తాతగారు మనవడిని గద్దిస్తూ "ఆయ్" అనరు. 9, 14, 22 భాగాల్లో అనిపించారు.

మీ దిద్దుబాటు గదిలో ఒక పరీక్ష పెట్టుకోండి. వెక్కిరింత మాట కొట్టేసి సన్నివేశాన్ని పైకి చదవండి. నిలబడితే ఆ మాట ఉంచుకోవచ్చు. కూలిపోతే తప్పు ఆ సన్నివేశంలోనే ఉంది. ముందు దాన్ని దిద్దండి. మేము ఇలా చదివి చూస్తే 6వ భాగంలో పూతరేకుల మీద అబ్బులు విసురు హాయిగా నిలబడింది, దాన్ని తీసేయమని అడగడం లేదు. 19లో నిలబడలేదు. 16లో పంటు మీద, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద, ఏరు దాటినవాళ్ళు 19లో అదే రేవు నుంచి కారులో పది నిమిషాల్లో అవతలికి చేరతారు. "ఈ వారం వంతెన కట్టేశాడ్రోయ్" అన్న మాట ఒక్కటే అక్కడున్న వంతెన.

మేము కోరేది ఇది. 11, 12, 19, 27 భాగాలను దిద్ది మళ్ళీ రికార్డు చేయండి. అంతవరకు 27ను యాప్ నుంచి తీసి ఉంచండి, ఎందుకంటే వరదల రోజుల్లో తప్పుడు హెచ్చరిక అంకె చెవిన పడటం మంచిది కాదు. 28 జోలికి వెళ్ళకండి. 27 చివరి మాట తీసేస్తే అది తనంతట తానే సరిపోతుంది. ఇకమీదట ప్రతి భాగమూ రికార్డింగుకి ముందు డెల్టాలో ఉండే ఒకరి చేత చదివించి, వారికి డబ్బిచ్చి, పేరు వేయండి. ఇవేవీ కుదరవంటే మిగిలిన నెలల చందా వెనక్కి ఇవ్వండి.

భాగం, నిమిషం, ఉన్న మాట, ఉండాల్సిన మాట వరుసగా రాసిన నాలుగు పేజీలు దీనితో జతచేశాం. 29వ భాగంలో సూరమ్మ అటక దిగుతుందని ప్రకటనలో విన్నాం. ఆ రికార్డింగుకి ముందే వీటిని మీ రచయితకి చేర్చండి.

ఇట్లు
మీ చందాదారులు