పెద్దమ్మ రిపోర్టులో ఉన్న ఆ మాట

ఒరేయ్ బావా,

రాత్రి నువ్వు పంపిన పెద్దమ్మ బయాప్సీ రిపోర్టు మూడుసార్లు చదివాను. ఫోన్లో చెబుదామంటే నీకున్న టెన్షన్‌లో సగం చెవికెక్కదు. అందుకే రాస్తున్నా, నిదానంగా చదువు.

"మిస్‌మ్యాచ్ రిపేర్ లోపం, ఎంఎస్‌హెచ్2 లేదు" అని ఉంది కదా, అదేంటని అడిగావు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి డీఎన్‌ఏ పాఠం చెబుతున్నాను గానీ, మనింట్లో మనిషి కాగితం మీద ఆ పేరు చూసేసరికి గుండె బరువెక్కింది.

కణం రెండుగా విడిపోయే ముందు తన డీఎన్‌ఏ మొత్తానికీ నకలు రాసుకోవాలి. డీఎన్‌ఏ అంటే ఎదురెదురుగా అక్షరాలున్న రెండు పోగులు. మన కణంలో అమ్మ నుంచి, నాన్న నుంచి వచ్చిన రెండు సెట్లూ కలిపి సుమారు 600 కోట్ల అక్షరాల జతలు. పాత పోగుని చూసి కొత్త పోగు రాసేది పాలిమరేజ్ అనే ఎంజైమ్. ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి పెట్టాలి. సుమారు లక్షకి ఒకటి తప్పు పడుతుంది. చాలావాటిని అక్కడికక్కడే వెనక్కి జరిగి తనే దిద్దుకుంటుంది. అయినా కోటికి ఒకటి చొప్పున మిగిలిపోతాయి. అంటే ఒక్క విభజనకి వందల తప్పులు!

వాటిని పట్టి దిద్దే పనే మిస్‌మ్యాచ్ రిపేర్, పట్టే ప్రొటీనే ఎంఎస్‌హెచ్2. ఎంఎస్‌హెచ్6 అనే ఇంకో ప్రొటీన్‌తో జతకట్టి డీఎన్‌ఏ వెంట జారుతూ పోతుంది. జి ఎదురుగా టి పడిన చోట పోగు సరిగ్గా కుదరదు, అక్కడ పట్టేసి ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 జంటని పిలుస్తుంది. వాళ్లు కొత్త పోగుని కోస్తారు, ఎక్సోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్ తప్పున్న ముక్కని తినేస్తుంది, పాలిమరేజ్ మళ్లీ రాస్తుంది, లైగేజ్ అనే ఇంకో ఎంజైమ్ అతుకు వేస్తుంది.

ఇక్కడే నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరించే విషయం ఒకటుంది. జి, టి ఎదురెదురుగా ఉంటే తప్పు ఎవరిది? అసలు ఏదో నకలు ఏదో తెలియకపోతే, అసలునే చెరిపేసి తప్పుని ఖాయం చేసే ప్రమాదం ఉంది కదా! పాల్ మోడ్రిచ్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఈ.కోలై బ్యాక్టీరియాలో దీని వెంటే పడ్డాడు. అక్కడ పాత పోగు మీద జీఏటీసీ అని వచ్చే చోటల్లా మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు ఉంటుంది. కొత్త పోగుకి ఆ ముద్ర పడటానికి కొంత సమయం పడుతుంది. ఆలోపే మ్యూట్‌హెచ్ అనే ఎంజైమ్ ముద్ర లేని పోగుని కోస్తుంది. మనలో ఆ ముద్ర పద్ధతి లేదు. కొత్త పోగులో ఇంకా అతకని సందులే ఆనవాలు. డీఎన్‌ఏ మరమ్మతు మీద చేసిన పనికి మోడ్రిచ్‌కి 2015లో థామస్ లిండాల్, అజీజ్ సాంజార్‌లతో కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

పెద్దమ్మ కణితిలో ఈ కాపలా లేదు, తప్పులు కుప్పపడిపోయాయి. ఒకే అక్షరం వరసగా వచ్చే చోట్ల మరీ ఎక్కువ. అయితే బావా, ఇందులోనే ఒక ఆశ కూడా ఉంది. అన్ని తప్పులున్న కణం వింత ప్రొటీన్లు తయారు చేస్తుంది, వాటిని మన రోగనిరోధక వ్యవస్థ పరాయివని గుర్తుపట్టగలదు. అందుకే ఇలాంటి కణితుల మీద ఆ రోగనిరోధక వ్యవస్థనే కణితి మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులు పనిచేసే అవకాశం ఎక్కువ. అందరికీ పనిచేస్తుందని కాదు, కానీ డాక్టరుని తప్పకుండా అడుగు.

ఇంకోటి. ఈ లోపం పుట్టుకతో వచ్చిందా, కణితిలోనే పుట్టిందా అన్నది పెద్దమ్మ రక్తంలో జన్యు పరీక్ష చేస్తే తెలుస్తుంది. పుట్టుకతో వచ్చిందైతే దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు, పిల్లలు ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం ఉంటుంది. అప్పుడు అన్నయ్య, అక్క పరీక్ష చేయించుకోవాలి. తోడబుట్టింది కాబట్టి మీ అమ్మ కూడా, అమ్మకి ఉంటే నువ్వూ. భయపెట్టడానికి చెప్పట్లేదురా. ఉందని ముందే తెలిస్తే ఒకటి రెండేళ్లకోసారి కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా పంపి చూడటం) చేసి, పాలిప్ అనే చిన్న బొడిపె కనిపిస్తే అప్పుడే తీసేస్తారు.

వేసవి సెలవుల్లో మనిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆవకాయ ముద్దలు కలిపి పెట్టిన చెయ్యి అది. అమ్మకి నువ్వే మెల్లగా చెప్పు, ఫోన్లో వద్దు, ఇంటికెళ్లి చెప్పు. శనివారం పొద్దున బస్సుకి వస్తున్నా. ఫైలంతా ఒక కవర్లో పెట్టి ఉంచు, డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను.

నీ
బావ