2025 వార్షిక నివేదిక: అలమరా మీది టెలిస్కోపులు కిందికి దిగిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో, ఇంట్లో టెలిస్కోప్ ఉన్నవాళ్లని చెయ్యెత్తమన్నాం. దాదాపు సగం మంది ఎత్తారు. పోయిన నెలరోజుల్లో దాన్ని ఒక్కసారైనా బయటికి తీసినవాళ్లు తప్ప మిగతావాళ్లని దించేయమంటే మూడు చేతులు మిగిలాయి. వాటిలో మీ కార్యదర్శి చెయ్యి లేదు.

ఈ ఏడాది మనం చేసిన పనులన్నీ ఆ మూడు చేతుల దగ్గరే మొదలయ్యాయి. కొత్తవి కొనిపించడం కంటే, ఉన్నవాటిని దించి వాడించడం మీదే కార్యవర్గం ఎక్కువ కష్టపడింది.

దుమ్ము దులిపిన ఆదివారం

ఎవరి టెలిస్కోప్ వాళ్లు తెచ్చుకోండి, ఏం పాడైందో చూద్దాం అని ఒక ఆదివారం పిలిచాం. పాడైందనుకుని తెచ్చినవాటిలో నిజంగా పాడైనవి చాలా తక్కువ. ఎక్కువవాటికి ఒకటే జబ్బు. గొట్టం మీదుండే ఫైండర్, అంటే గురి చూసుకునే చిన్న టెలిస్కోప్, ఒకవైపు చూస్తోంది, గొట్టం ఇంకోవైపు చూస్తోంది. ఫైండర్‌లో చంద్రుడు సరిగ్గా మధ్యలో ఉంటాడు, కన్ను ఆనించి చూసే ఐపీసులో మాత్రం చీకటి. అరగంట వెతికి, మెడ నొప్పి పుట్టి, టెలిస్కోప్ దండగ అనుకుని లోపల పెట్టేస్తాం.

దీన్ని సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు, అదీ పగలే. దూరంగా ఉన్న సెల్ టవర్ కొసని తక్కువ రెట్లు పెద్దది చేసే ఐపీసులో మధ్యకి తెచ్చుకోవాలి. తర్వాత గొట్టం కదలకుండా ఫైండర్ మరలు తిప్పుతూ, అదే కొస ఫైండర్‌లోనూ మధ్యకి వచ్చేలా చేయాలి. టవర్ ఎంత దూరంగా ఉంటే అంత మంచిది, ఎదురింటి కిటికీ పనికిరాదు. సూర్యుడున్న దిక్కుకి మాత్రం గొట్టం తిప్పకూడదు.

ఆ రోజు ఒక పెద్దాయన, ముందు లెన్స్ ఉండే తన రిఫ్రాక్టర్‌లో కొన్ననాటి నుంచీ చంద్రుడు తప్ప ఇంకేమీ కనబడలేదన్నారు. ముందుండే మూత మధ్యలో ఇంకో చిన్న మూత ఉంటుంది కదా, రెండేళ్లుగా ఆ చిన్నదొక్కటే తీసి చూస్తున్నారాయన. 70 మి.మీ. లెన్స్ కొనుక్కుని చొక్కా గుండీ అంత కన్నంలోంచి ఆకాశాన్ని చూశారన్నమాట. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. అందరికంటే గట్టిగా నవ్విందీ ఆయనే.

రెండో జబ్బు స్టాండు. చౌకరకం టెలిస్కోపుల్లో లెన్సు చాలావరకు బాగానే ఉంటుంది, కాళ్లే వెదురుబద్దల్లా ఊగుతాయి. ఫోకస్ మర ముట్టుకోగానే శనిగ్రహం గంతులేస్తుంది. కాళ్లు పూర్తిగా లాగకుండా పొట్టిగా ఉంచి, స్టూలు మీద కూర్చుని చూడాలి. కాళ్ల మధ్యనుంచి నీళ్ల సీసానో ఇసుక సంచో వేలాడదీస్తే ఊగడం బాగా తగ్గుతుంది. ఇలా బరువు కట్టిన స్టాండు మీద తన పాత టెలిస్కోప్‌లో చూసిన ఒక సభ్యురాలు, మేం లెన్స్ మార్చేశామని చివరిదాకా అనుమానపడ్డారు.

నిజంగా దెబ్బతిన్నది ఒకే ఒక్క రిఫ్లెక్టర్, అంటే లెన్స్ బదులు అద్దంతో పనిచేసే టెలిస్కోప్. దాని అద్దాన్ని కళ్లజోడు తుడిచినట్టు పొడిగుడ్డతో తుడిచారు. ఇంట్లో అద్దానికి పూత వెనక ఉంటుంది. టెలిస్కోప్ అద్దానికి అల్యూమినియం పూత ముందువైపే ఉంటుంది, గుడ్డ తగిలితే గీతలు పడతాయి. కాస్త దుమ్ముంటే ఉండనివ్వండి, దాని వల్ల పోయేదేమీ లేదు.

అట్టపెట్టె మీది అంకె

'525 రెట్లు', '675 రెట్లు' అని అట్టపెట్టెల మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. ఈ ఏడాది మనం ఎక్కువ గొంతు చించుకున్నది ఈ అంకె మీదే.

టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే మాగ్నిఫికేషన్ వస్తుంది. (ఫోకల్ లెంగ్త్ అంటే లెన్స్ లేదా అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం.) 650 మి.మీ. టెలిస్కోప్‌లో 25 మి.మీ. ఐపీస్ పెడితే 26 రెట్లు, 10 మి.మీ. పెడితే 65. అంటే ఐపీస్ మారుస్తూ ఈ అంకెని ఎంతైనా పెంచుకోవచ్చు. కానీ వచ్చిన వెలుగు అంతే కాబట్టి బొమ్మ పెద్దదవుతున్న కొద్దీ మసకబారుతుంది, అలుక్కుపోతుంది. లెన్స్ వ్యాసంలో మిల్లీమీటరుకి రెండు రెట్లే హద్దుగా లెక్కేసుకోమని అనుభవజ్ఞులు చెబుతారు. 70 మి.మీ. దానికి 140 రెట్లు, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. మన ఆకాశదర్శనాల్లో ఎక్కువసేపు వాడింది 30 నుంచి 100 లోపే.

ఎక్కువ రెట్లతో ఇంకో చిక్కుంది. భూమి తిరుగుతోందని పుస్తకంలో చదవడం వేరు, వంద రెట్లలో చూస్తుంటే గురుడు రెండు నిమిషాల్లో జారుకోవడం వేరు. కొత్తవాళ్లు మళ్లీ వెతుక్కోలేక టెన్షన్ పడిపోతారు. అందుకే మొదట ఎప్పుడూ పెద్ద అంకె (25 మి.మీ. లాంటిది) ఉన్న ఐపీస్ పెట్టమంటున్నాం. మనకి కావలసినది దొరికి, మధ్యలో నిలబడ్డాకే 10 మి.మీ. వైపు వెళ్లాలి.

ఏది కొనాలి అని అడిగినవాళ్లకి

కార్యవర్గానికి ఈ ఏడాది ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఇదే. మా మొదటి జవాబు చాలామందికి నచ్చలేదు: ఇప్పుడే కొనకండి. రెండుమూడు ఆకాశదర్శనాలకి రండి, నాలుగు రకాల గొట్టాల్లోంచి చూడండి. ఆ తర్వాత కూడా ఆగలేకపోతే ముందు 7x50 లేదా 10x50 బైనాక్యులర్స్. మొదటి అంకె రెట్లు, రెండోది లెన్స్ వ్యాసం మిల్లీమీటర్లలో. గురుడి నాలుగు పెద్ద చంద్రుళ్లని చేతులు కదలకుండా ఆనించుకుంటే వీటిలోనే చూడొచ్చు. కృత్తికలు, అదే మన పిల్లలకోడి, పెద్ద టెలిస్కోప్‌లో కంటే వీటిలోనే అందంగా కనిపిస్తుంది. మొత్తం గుంపు ఒకేసారి కళ్లలో పడుతుంది మరి.

టెలిస్కోపే కావాలంటే చూడవలసింది రెట్లు కాదు, వ్యాసం. పట్టే వెలుగు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 70 మి.మీ. కంటే 130 మి.మీ. అద్దం దాదాపు మూడున్నర రెట్ల వెలుగు పడుతుంది. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప సుమారు 7 మి.మీ. ఉంటుంది. దాంతో పోలిస్తే ఆ అద్దం 340 రెట్లకు పైగా వెలుగు పోగుచేస్తుంది. (వయసు పెరిగే కొద్దీ కంటిపాప అంత విచ్చుకోదు. మనలో చాలామందికి ఈ లెక్క ఇంకా లాభసాటి.)

అలాగని ఎంత పెద్దదైతే అంత మంచిదనీ కాదు. 8 అంగుళాల టెలిస్కోప్ కొన్న సభ్యుడొకరు దాన్ని మెట్ల మీదుగా మోసుకెళ్లలేక నెలకోసారి కూడా తీయడం లేదు. కొనేముందు ఆ బరువున్న బియ్యం బస్తా ఎత్తుకుని ఒకసారి డాబా ఎక్కి చూడమని ఆయనే ఇప్పుడు అందరికీ చెబుతున్నారు.

స్టాండు విషయంలో మా ఓటు డాబ్సోనియన్‌కి. చెక్కపెట్టె లాంటి పీఠం, పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ చేత్తో తోయడమే. మేలో జరిగిన సభలో దీని వెనక కథ చెప్పాం, రానివాళ్ల కోసం మళ్లీ క్లుప్తంగా. జాన్ డాబ్సన్ 1915లో బీజింగ్‌లో పుట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని వేదాంత సంఘంలో చేరి, రామకృష్ణ సంప్రదాయంలో సన్యాసిగా ఉన్నారు. 1950లలో ఓడ కిటికీల మందపాటి గాజుని అరగదీసి అద్దాలు చేసుకుని, అట్ట గొట్టాలు, ప్లైవుడ్‌తో టెలిస్కోపులు కట్టడం మొదలుపెట్టారు. ఈ పిచ్చి ముదిరి 1967లో ఆశ్రమం వదిలి రావలసివచ్చింది. మరుసటి ఏడాదే ఇంకొందరితో కలిసి, కాలిబాటల మీద టెలిస్కోప్ పెట్టి దారిన పోయేవాళ్లకి ఆకాశం చూపించే సంఘాన్ని మొదలుపెట్టారు. 2014లో పోయారు. ఆయన తన డిజైన్ మీద పేటెంట్ తీసుకోలేదు. అందుకే అది ఇవాళ ప్రపంచమంతా ఉంది.

భూమి తిరుగుడుకి తగ్గట్టు తిప్పుకునే ఈక్వటోరియల్ మౌంట్ (స్టాండు) చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. ఫోటోలు తీసేవాళ్లకి అవసరం కూడా. కొత్తవాళ్లకి మాత్రం ఆ బరువులూ, ధ్రువనక్షత్రం వైపు ఇరుసు తిప్పుకోవడాలూ అర్థమయ్యేలోపు ఉత్సాహం చల్లారుతుంది. ఇంకొక జాగ్రత్త: గొట్టం అరమీటరే ఉండి, మీద 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ అని రాసి ఉన్న రిఫ్లెక్టర్ కనిపిస్తే పక్కకి తప్పుకోండి. ఐపీస్ పెట్టే ఫోకసర్‌లో ఒక లెన్స్ దాచి ఆ పొడవు తెప్పిస్తారు. చౌకవాటిలో అద్దాలు సరిచేసుకోవడం పెద్ద తలనొప్పి. ఐపీసులు 1.25 అంగుళాల వెడల్పువే అయి ఉండాలి.

శని ఈసారి మొహం చాటేశాడు

ఆకాశదర్శనాలు ఈ ఏడాది కూడా ఎక్కువగా అష్టమి చంద్రుడి చుట్టుపక్కలే పెట్టాం. పౌర్ణమికి పెట్టొచ్చుగా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. పౌర్ణమినాడు చంద్రుడి మీద వెలుగు ఎదురుగా పడుతుంది, నీడలుండవు, సున్నం పూసిన పళ్లెంలా ఉంటాడు. అష్టమికి వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి నీడలు పొడుగ్గా సాగి, బిలాల అంచులు, కొండలు చేత్తో తడమొచ్చన్నట్టు లేచి కనిపిస్తాయి. 60 మి.మీ. గొట్టంలో కూడా అంతే.

శని విషయంలో మాత్రం మాట పడ్డాం. 'వలయాలు చూపిస్తాం' అని పిలిచి, సన్నగా సూది గుచ్చినట్టున్న గీతని చూపించాం. సుమారు 15 ఏళ్లకోసారి ఆ వలయాలు అంచు మనవైపుగా తిరుగుతాయి, 2025 మార్చిలో జరిగింది అదే. ఏడాదంతా అవి సన్నగానే ఉన్నాయి. ఒకతను ఇది టెలిస్కోప్ లోపమే అని వాదించి వెళ్లారు. పాపం గెలీలియో పరిస్థితీ ఇదే. 1610లో శనికి రెండువైపులా చెవుల్లాంటివి చూశాడు, 1612లో చూస్తే అవి మాయం. ఎందుకో ఆయనకి అంతుపట్టలేదు. అది గ్రహాన్ని తాకని పల్చటి వలయమని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1659లో ప్రచురించాడు. ఇకనుంచి ఏటా వలయాలు తెరుచుకుంటూ వస్తాయి, కాబట్టి ఆ మాట పడ్డవాళ్లం మళ్లీ పిలుస్తాం.

సెప్టెంబరు 7 సంపూర్ణ చంద్రగ్రహణం రాత్రి మాకే ఒక పాఠం దొరికింది. 82 నిమిషాల సంపూర్ణ గ్రహణానికి 8 అంగుళాల డాబ్సోనియన్ సిద్ధం చేసి పెట్టాం. జనం మాత్రం బైనాక్యులర్స్ దగ్గరే వరస కట్టారు. చుక్కల మధ్య రాగి రంగు చంద్రుడు మొత్తంగా కనిపించేది అందులోనే.

ఇక నెబ్యులాలు (వాయుధూళి మేఘాలు), గెలాక్సీలు. ఇక్కడ నిజం ముందే చెప్పేయడం మేలని ఈ ఏడాది తేల్చుకున్నాం. ఫోటోల్లో ఉండే ఎరుపూ నీలమూ కంటికి కనబడవు. ఆండ్రోమెడా గెలాక్సీ చిన్న టెలిస్కోప్‌లో బూడిదరంగు మరక. ఒక చిన్నపాప చూసి 'అద్దం తుడవలేదా అంకుల్?' అంది. ఆ మరక వెలుగు బయల్దేరి 25 లక్షల ఏళ్లయిందని చెబితే, మళ్లీ వరసలో నిలబడి చూసింది.

ఆ మరక కనబడాలన్నా కళ్లు చీకటికి అలవాటు పడాలి. అందుకు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క ఫోన్ తెర వెలిగితే మొదటికొస్తుంది. అందుకే ఎర్ర కాగితం చుట్టిన టార్చిలు పంచుతున్నాం, దయచేసి అవే వాడండి. మసకగా ఉన్నదాన్ని సూటిగా కాకుండా కాస్త పక్కకి చూస్తే బాగా తెలుస్తుంది. గదిలోంచి తెచ్చిన గొట్టాన్ని అరగంట బయట వదిలేయాలి. లోపలి గాలి చల్లబడేదాకా నక్షత్రాలు మరుగుతున్న నీళ్లలో ఉన్నట్టు ఊగుతాయి. కిటికీ అద్దంలోంచి చూడటం గురించి ఇక చెప్పను.

సూర్యుడి గురించి ఒకే మాట

కొన్ని పాత టెలిస్కోపులతో ఐపీసుకి బిగించే నల్లని 'సన్ ఫిల్టర్' ఒకటి వస్తుంది. ఆదివారం శిబిరంలో అలాంటివి దొరికితే యజమానుల ముందే సుత్తితో పగలగొట్టాం. పోగైన వేడంతా ఆ చిన్న గాజు మీదే పడుతుంది, చూస్తుండగా పగిలితే కన్ను పోతుంది. సూర్యుడిని చూసే ఫిల్టర్ గొట్టం ముందువైపు, పూర్తిగా కప్పేలా, గాలికి ఊడకుండా బిగించినదై ఉండాలి. ఫైండర్‌కి కూడా మూత పెట్టాలి. ఈ నియమం విషయంలో సంఘం ఎవరికీ మినహాయింపు ఇవ్వదు.

తెగని వాదన

ఐపీస్ లేకుండా, తనంతట తానే వెతికి ఫోన్‌లో బొమ్మ చూపించే స్మార్ట్ టెలిస్కోప్ సంఘానికి కొనాలా వద్దా అని కార్యవర్గం మూడుసార్లు కూర్చుంది. నగర దీపాల వెలుగులోంచి కూడా నెబ్యులా రంగులు రాబడుతుంది, చూపు తగ్గినవాళ్లు, వంగలేనివాళ్లు కూడా చూడొచ్చు అని ఒక పక్షం. ఫోన్‌లో చూడ్డానికి ఇంట్లో కూర్చోవచ్చుగా అని ఇంకో పక్షం. నేను రెండో పక్షం. కానీ మోకాళ్ల నొప్పులతో డాబ్సోనియన్ దగ్గర వంగలేక నిలబడిపోయిన ఒక సభ్యురాలిని చూశాక నా గొంతు కొంచెం తగ్గింది. నిర్ణయం సర్వసభ్య సమావేశానికి వదిలేశాం.

లెక్కలు, అరువులు

ఆదాయవ్యయాల పట్టిక విడిగా జతచేశాం, ఆడిట్ అయింది.

అరువు పథకం కింద 130 మి.మీ. డాబ్సోనియన్ నెలకొకరి ఇంటికి వెళుతోంది. తీసుకున్నవాళ్లలో ఒక సభ్యుడి కూతురు గురుడి చంద్రుళ్లని వరసగా రాత్రుళ్లు నోటుపుస్తకంలో చుక్కలుగా గీసింది. గెలీలియో 1610 జనవరి 7న మొదలుపెట్టిన పని అదే. ఆ పుస్తకం సమావేశంలో చూడొచ్చు. వచ్చే ఏడాది రెండో గొట్టం కూడా అరువుకి పెడతాం. రిఫ్లెక్టర్ అద్దాలు సరిచేసుకోవడం, అంటే కొలిమేషన్, నేర్పే తరగతి వర్షాలు తగ్గాక ఉంటుంది.

చివరిగా, సంఘం 25 మి.మీ. ఐపీసులు రెండు ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నాయో నాకు తెలుసు. సమావేశానికి వచ్చేటప్పుడు డబ్బాతో సహా తెస్తే పేర్లు చదవను.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి