క్లౌడ్‌లో ‘దాచుకోండి’ అని రాయకండి

సంపాదకులకు,

గత వారం మీ టెక్నాలజీ పేజీలో ‘ఫైళ్లు క్లౌడ్‌లో దాచుకుంటే ఇక నిశ్చింత’ అని వేశారు. ఆ ‘దాచుకోవడం’ అన్న మాట దగ్గరే నాకు పేచీ.

నేను తెనాలిలో 19 ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ రిటైరైన మాస్టార్ల కవితల పుస్తకాలు. ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లే. నవ్వేవాళ్లు నవ్వనీండి, పాత కస్టమర్ల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

పోయినేడాది కంప్యూటర్ మరీ నత్తనడక నడుస్తోందని రిపేరు కుర్రాడు 240 జీబీ ఎస్ఎస్‌డీ బిగించి దాన్ని సీ డ్రైవ్ చేశాడు. పాత 1 టీబీ హార్డ్‌డిస్కు డీ అయింది. ఆరు నెలలు తిరిగేసరికి సీ నిండి ఎర్రగీత పడింది. చూస్తే క్లౌడ్ ఫోల్డరే 62 జీబీ! డీలో బోలెడు చోటు. బీరువా నిండితే చీరలు ట్రంకుపెట్టెలోకి సర్దుకోమా? అలాగే ఫోల్డర్ తెరిచి, లోపలున్నవన్నీ కట్ చేసి డీలో పేస్ట్ చేశాను. తెల్లారేసరికి అయిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

శ్రావణమాసం, శుభలేఖల సీజన్. ఓ మధ్యాహ్నం డీ డ్రైవ్ టక్‌టక్‌మని మోగి, ఆగిపోయింది. నేనేం కంగారు పడలేదు. ఏటా డబ్బు కడుతున్న క్లౌడ్ ఉందిగా! వెబ్‌సైట్ తెరిచాను. ఖాళీ. ఒక్క ఫైలు లేదు. గడపలో నిలబడ్డ పెళ్లివారికి ఏం చెప్పానో నాకే గుర్తు లేదు.

తర్వాత తెలిసింది. ఆ ఫోల్డరూ క్లౌడూ భార్యాభర్తల జాయింట్ ఖాతా లాంటివి. ఇక్కడ తీస్తే అక్కడా తగ్గుతుంది. నేను సీలోంచి తీసేయగానే, చెరిపేశాననుకుని అదీ చెరిపేసింది. ‘మీ ఫైళ్లు చాలా తొలగిపోయాయి’ అని ఇంగ్లీషులో ఒక మెయిల్ కూడా పంపిందట. చీరల సేల్ ప్రకటనల మధ్య నేను చూసుకోలేదు. అది నా తప్పే, కాదనను. కానీ ‘దాచుకోండి’ అని చెబితే ఎవరైనా లాకరనే అనుకుంటారు. ఇలా రెండుచోట్లా ఒకేలా ఉంచడానికి తెలుగులో సరైన మాట దొరక్కపోతే సింక్ అనే రాయండి.

ఇంతకీ సరైన పద్ధతి పావుగంట పని. వన్‌డ్రైవ్ అయితే, ముందు ఫైళ్లన్నీ పూర్తిగా సింక్ అయ్యాయో లేదో చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో అకౌంట్ దగ్గర ‘అన్‌లింక్ దిస్ పీసీ’ నొక్కాలి. అప్పుడు ఆ కంప్యూటర్‌కీ క్లౌడ్‌కీ తెగతెంపులు, ఇక్కడ ఏం కదిపినా అక్కడ ఏమీ చెరగదు. తర్వాత ఫోల్డర్ మొత్తాన్ని అలాగే డీకి తరలించి, మళ్లీ సైన్ ఇన్ అవుతూ ‘చేంజ్ లొకేషన్’ దగ్గర కొత్త చోటు చూపించాలి. ఆ డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి, లేకపోతే ఒప్పుకోదు. డ్రాప్‌బాక్స్‌లో ఇంత తతంగం లేదు, ప్రిఫరెన్సెస్‌లో సింక్ దగ్గర ఫోల్డర్ చోటు మార్చమంటే అదే తరలిస్తుంది.

కొత్త డిస్కు కొన్నాక నేనూ అలాగే చేశాను. అయినా పేజ్‌మేకర్ ఊరుకోలేదు. బొమ్మలు సీలో ఉన్నట్టే దానికి గుర్తు. ఓ మాస్టారి 96 పేజీల పుస్తకం తెరిస్తే ‘ఈ బొమ్మ ఎక్కడ, ఆ బొమ్మ ఎక్కడ’ అని ఒక్కొక్కటే అడిగింది. డీలో వెతికి చూపించేసరికి ఒక పూట గడిచింది. ఈ సంగతి ఏ టెక్నాలజీ పేజీలోనూ చదవలేదు. మా డీటీపీ వాళ్లకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

కొత్త ఫోన్ల కెమెరాల గురించి అరపేజీ వేసే మీరు, ఈ డ్రైవ్ మార్పు గురించి బొమ్మలతో సహా ఓ పావుపేజీ వేయండి. ఇంకో డిస్కులో విడిగా కాపీ పెట్టుకోమనీ చెప్పండి. వన్‌డ్రైవ్ వ్యక్తిగత ఖాతాలో చెరిగిన ఫైళ్లు రీసైకిల్ బిన్‌లో ఉండేది 30 రోజులేనన్న ముక్క మాత్రం పెద్ద అక్షరాల్లో వేయండి. నేను ఆ బిన్ తెరిచింది 23వ రోజున.

— ఒక డీటీపీ ఆపరేటరమ్మ, తెనాలి