మన ఫుట్‌బాల్ క్లబ్ నిర్వహణపై కంపెనీ యాజమాన్యానికి ఫిర్యాదు

నెల్లూరు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: క్లబ్ వరుస ఓటములకు కారణమైన నిర్వహణ లోపాల గురించి.

అయ్యా,

ఈ సీజన్ కూడా పట్టికలో అడుగునే ముగిసింది. ఎప్పటిలాగే కోచ్‌ని పంపేశారు. ఫలితాలు రాలేదన్నది నిజమే. కానీ ఆయన అడిగిన లెఫ్ట్ బ్యాక్‌ని (ఎడమ వైపు డిఫెండర్‌ని) తీసుకునే అధికారం ఎవరిదో మీ ఆఫీసులో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఫైలు హెచ్‌ఆర్ దగ్గర, డబ్బు ఫైనాన్స్ దగ్గర, సంతకం మీ దగ్గర. తిలా పాపం తలా పిడికెడు. మా ఫిర్యాదు ఈ ఏర్పాటు మీదే.

దీనివల్ల మైదానంలో ఏం జరుగుతోందో చూడండి. ముందున్న కోచ్‌ది 4-3-3, అంటే నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. అందుకని అంచుల మీదుగా దాడి చేసే, వేగంగా పరిగెత్తే వింగర్లను తెచ్చుకున్నారు. తర్వాత వచ్చినాయనది 3-5-2, అంటే డిఫెండర్లు ముగ్గురే, మిడ్‌ఫీల్డ్‌లో ఐదుగురు, ముందు ఇద్దరు. అందులో వింగర్‌కి చోటే లేదు. రెండు అంచుల్లోనూ వింగ్‌బ్యాక్‌లు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎక్కుతూ దిగుతూ ఉండాలి. కొత్తవాళ్లను ఇవ్వలేదు కాబట్టి ఆ వింగర్లనే అక్కడ నిలబెట్టారు. బంతి పోయాక వాళ్లు వెనక్కి చేరేలోపే వాళ్ల వెనక అవతలి జట్టుకి ఖాళీ దొరుకుతుంది. దాన్ని మూయడానికి మధ్యలో ఉండే డిఫెండర్ (సెంటర్ బ్యాక్) పక్కకి జరిగితే గోల్ ముందు బాక్సులో అవతలి స్ట్రైకర్‌ని పట్టుకునేవాడుండడు. మనకి పడిన గోల్స్‌లో ఎక్కువ ఇలా పడినవే. నింద మాత్రం డిఫెండర్లకి.

డబ్బు పెడితే సరిపోతుందనుకుంటే ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌ని చూడండి. 2013 వేసవిలో 13 లీగ్ టైటిళ్లు గెలిపించిన కోచ్ ఫెర్గూసన్, సీఈఓ డేవిడ్ గిల్ ఇద్దరూ ఒకేసారి తప్పుకున్నారు. ఆ తర్వాత పెత్తనం బ్యాంకింగ్ నుంచి వచ్చిన ఎడ్ వుడ్‌వర్డ్ చేతికి వెళ్లింది. ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే పదవిలో తొలిసారి మనిషిని పెట్టింది 2021లో. ఈలోగా ఒక్కో కోచ్ ఒక్కో రకం ఆటగాళ్లను కొనిపించుకున్నాడు. 2024 జులైలో కోచ్ టెన్ హాగ్ ఒప్పందం పొడిగించి, అక్టోబరులో పంపేశారు. తర్వాత వచ్చిన ఆమోరిమ్‌ది ముగ్గురు డిఫెండర్ల ఆట, చేతికొచ్చింది వేరే ఆటకి కొన్న జట్టు. ఆ సీజన్‌లో 15వ స్థానం. అంత డబ్బున్న క్లబ్‌కే ఆ గతి పట్టింది.

ఇక గ్రౌండ్. గోల్ ముందు గడ్డి ఎప్పుడో పోయింది, అక్కడ పడిన గుంటల్ని గ్రావెల్‌తో పూడ్చారు. కీపర్ డైవ్ కొడితే మోచేతి చర్మం లేచిపోతుంది, అందుకే పక్కకి వచ్చే కింది బంతులకి కాలు చాపుతున్నాడు. గ్రావెల్ తీసేసి, గట్టిపడ్డ మట్టిని ఫోర్కుతో నాలుగంగుళాల లోతున గుచ్చి, పెన్నా ఇసుక జల్లెడపట్టి పలచగా పరిచి గడ్డి నాటాలి. నీళ్లు నిలవకుండా మధ్య నుంచి అంచులకి వాలు ఉండాలి. మన జిల్లాకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గడ్డి వేరు పట్టడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆగస్టులోనే నాటేయాలి. మీ వాళ్లు టెండరు పిలిచేది నవంబరులో!

ప్రాక్టీసు టైము కూడా షిఫ్టు బస్సు ఖాళీని బట్టి పెడుతున్నారు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి పరిగెత్తిస్తే ఫిట్‌నెస్ రాదు, వడదెబ్బ వస్తుంది. ఆ రోజుల్లో ఉదయం ఆరుకి మొదలుపెట్టి ఏడున్నరకి ఆపేయాలి.

పన్నెండేళ్లలోపు పిల్లలకి పెద్దవాళ్ల 5 నంబరు బంతే ఇస్తున్నారు. వాళ్లకి 4 నంబరు కావాలి. ఖర్చు పెద్దదేం కాదు, అడిగేవాడు లేక ఆగిపోయింది.

మేం కోరేది: ఆట తెలిసిన ఒకరిని టెక్నికల్ డైరెక్టర్‌గా పెట్టండి. జట్టు ఏ పద్ధతిలో ఆడాలో ఆయన రాతపూర్వకంగా ఖరారు చేయాలి. కోచ్ ఎంపిక, ఆటగాళ్ల ఎంపిక, ఏడాది బడ్జెట్ ఆయన చేతిలో పెట్టండి. ఓడితే జవాబు కూడా ఆయనే చెప్పాలి. ఆయన వచ్చేవరకు కొత్త కోచ్‌ని తీసుకోవద్దు. ఆ డైరెక్టర్‌నీ ఆర్నెల్లకి పంపేసేటట్టయితే ఈ నియామకం కూడా దండగే. కనీసం మూడు సీజన్లకి ఒప్పందం రాయండి.

ఈ నియామకానికి కొంత సమయం పట్టినా ఆగగలం. గ్రౌండ్ పని మాత్రం ఆగస్టు దాటితే ఈ ఏటికి లేనట్టే. దానికి జవాబు ముందు పంపండి.

ఇట్లు,
క్లబ్ అభిమానులు, స్థానిక కోచ్‌లు, పీఈటీలు